అరవై ఒకటి

పగలంతా నా బండి గంటకి ఇరవై మైళ్లు.
వెనక పడుకున్నవాళ్లకి తొందర ఉండదు,
ముందు నడిచే మిస్టర్ థాక్‌రేకి మోకాళ్ల నొప్పి.
దారిలో టోపీ తీసేవాళ్లు తగ్గిపోయారు,
హారన్ కొట్టేవాళ్లు మాత్రం ఇంకా పుట్టలేదు.

అలాంటి నేను
ఫిబ్రవరిలో ఒక మంగళవారం, రాత్రి పదకొండుంబావుకి
సొంత కారులో, ఎం అరవై రెండు మీద,
ఇనుప కమాను యాభై అని వెలుగుతుంటే
దాని కిందనించి
అరవై ఒకటిలో పోతూ దొరికాను.

ఉత్తరం వచ్చింది.
జరిమానాతో పాటు లైసెన్సు మీద మూడు పాయింట్లా,
డబ్బు కట్టి ఒక పూట బడికి వస్తావా?
శవాల బండి నడిపేవాడికి పాయింట్లంటే నోట్లో మట్టే.
యాభై ఎనిమిదేళ్లకి పలకా బలపం పట్టాను.

హడర్స్‌ఫీల్డ్ అవతల హోటల్లో,
నిన్నటి పెళ్లి రిబ్బన్లు కుర్చీలకి వేలాడుతున్న హాల్లో
ఇరవై మందిమి.
ఎవరి కళ్లలోకీ ఎవరం చూడం.
బిస్కెట్ల పళ్లెం ఒకటే, అదీ మొదటి వరసలోనే ఖాళీ.

పాఠం చెప్పేది బ్రోన్‌వెన్ ప్రాసర్,
ఇరవై రెండేళ్లు అంబులెన్సు తోలిన మనిషి.
"ఎందుకంత తొందర?" అంది,
తిట్టినట్టు కాదు, ఉప్పు అందుకోమన్నట్టు.
పాప నర్సరీ ఆరింటికి మూసేస్తారు, అంది ఒకామె.
వెనక లారీ తరుముతోంది, అన్నాడు ప్లంబరు.
"రోడ్డు ఖాళీ కదా" అన్నాడు టై కట్టుకున్న కుర్రాడు.
నా వంతు. ఏం పని చేస్తారంది. చెప్పాను.
హాలంతా గొల్లుమంది.
నేనూ నవ్వాను, చెవులు కాలుతుంటే.

ఆ రోజు వెనకున్నది చిన్న పెట్టె.
రెండు చేతుల్లో పట్టేంత.
అద్దంలోకి చూడకుండా నడిపాను,
ఇరవైలో, ఊరంతా, ఆ కొండ కూడా.
ఆ నెమ్మదిని ఒంటి మీంచి దులుపుకోవాలనిపించింది రాత్రి.
అది చెప్పలేదు.
"ఇంటికి పోదామని" అన్నాను.

టీ తర్వాత ఆమె బోర్డు మీద రెండు కార్లు గీసింది.
ఒకటి యాభై, ఒకటి అరవై. పక్కపక్కనే. ఒకేసారి బ్రేకు.
యాభైది ఆగిన చోట
అరవైది ఇంకా ముప్పై దాటి పోతూనే ఉంటుందట.
కుర్రాడు టై వదులు చేసుకున్నాడు.

ఉండబట్టలేక అడిగాను,
అర్ధరాత్రి ఖాళీ రోడ్డుకి యాభై ఎందుకని.
"ముందెక్కడో నిచ్చెన పడుంటుంది" అంది.
"దాన్ని తియ్యడానికి
నారింజ కోటు వేసుకుని ఒకడు దిగుంటాడు.
మీకింకా కనపడడు.
ఆ అంకె అతనే."

నా చేతిలో టీ అప్పటికే చల్లారింది.

ఇంటికి పోయేటప్పుడు కమాను మీద ఏమీ లేదు.
అరవై ఐదులో పోతున్నాను.
వెనకెవడో లైట్లు కొట్టాడు, మళ్లీ కొట్టాడు.
ఎడమకి జరిగి పోనిచ్చాను.
గిరాకీ కోసం
నేనెప్పుడూ ఎవరి వెంటా పడలేదు.