నలభై ఒకటో గేటు దగ్గర

కృష్ణలో మునిగేటప్పుడు కళ్ళు మూసుకుంటాను.
తెరిచినా ఒకటే.
బ్యారేజీ దగ్గర నీళ్ళు చింతపండు పులుసు,
చూపంతా వేళ్ళ కొసల్లోనే.
రాయి, చెప్పు, విగ్రహం చెయ్యి, తెగిన వల,
చొక్కా.
చొక్కా అయితే తాడు రెండుసార్లు లాగుతాను.
గట్టుమీద మా బావ నాంచారయ్య
ఏడ్చేవాళ్ళని వెనక్కి జరగమంటాడు.

సీతానగరం రేవులో పుట్టినవాణ్ణి.
ఈత ఎవరు నేర్పారంటే చెప్పలేను,
నడక నేర్పిందెవరో గుర్తుంటుందా ఎవరికైనా.

పోయినేడు డిపార్టుమెంటువాళ్ళు
సిలిండరుతో మునగడం నేర్చుకు రమ్మని
పదకొండు రోజులు అండమాన్ పంపారు.
రెండు పడవలు మారి,
అటుపక్క ఇంకేమీ లేని దీవికి.
నేర్పేవాడి పేరు తిర్కీ, పాతికేళ్ళు నిండలేదు.
రెండు నిలువుల లోతులో
నా మాస్కు మీద వేలితో టకటకా కొట్టాడు.
అప్పుడు తెలిసింది,
సముద్రంలోకి కూడా
కళ్ళు మూసుకునే దిగానని.

తెరిచాను.
ముందు నా చేతులు కనపడ్డాయి.
ఇరవయ్యేళ్ళ నీటి పనిలో
నీళ్ళలో నా చేతులు చూడ్డం అదే మొదలు.
గోళ్ళ కింద ఇంకా కృష్ణ ఒండ్రు.

తర్వాతే మిగతావి.
చిలకముక్కు చేప పగడాన్ని కొరుకుతుంటే
రోట్లో కల్లుప్పు నూరుతున్న చప్పుడు.
వేలెడంత నారింజరంగుది ఒకటి
ఇల్లుగలదానిలా బయటికొచ్చి
నా వేలు పొడిచి పోయింది.
తాబేలు మాత్రం
కరెంటాఫీసు గుమాస్తాలా
చూసీ చూడనట్టు వెళ్ళిపోయింది.

ఆనందం పట్టలేక బొటనవేలు ఎత్తాను.
పైకి పోదామని దానికర్థమట,
రెక్క పట్టుకుని మెల్లగా తీసుకుపోయాడు తిర్కీ.
ఒట్టి చేతుల్తో తేలాను.
గట్టున ఎవరూ ఏడవలేదు.

మా చిన్నదానికి గవ్వ తెస్తానన్నాను.
అక్కడ ఏదీ ముట్టకూడదట.
ముట్టకుండా చూడ్డం,
నాకదే కొత్త విద్య.

నిన్న నలభై ఒకటో గేటు దగ్గర
ఇంజినీరింగ్ కుర్రాడు.
సెల్ఫీ అన్నారు కొందరు, కాదన్నారు కొందరు.
తెనాలి నుంచి వచ్చిన వాళ్ళ నాన్న
బస్సు టిక్కెట్టు ఇంకా చేతిలో నలుపుతూ
"అడుగున బాగా చీకటా బాబూ" అన్నాడు.

ఇదివరకైతే అవునండి అని దూకేవాణ్ణి.
"చేపలుంటాయి బాబాయ్" అన్నాను.
ఆయన టిక్కెట్టు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

దూకాను.
అవే పులుసు నీళ్ళు.
అయినా కళ్ళు తెరిచే ఉంచాను, మండేదాకా.
వేళ్ళకి గుండీ తగిలింది.
తాడు చేతిలోనే ఉంది.
ఇంకా లాగలేదు.