సుద్దముక్కతో గీసిన ఇల్లు

రేపు రెండువందల పధ్నాలుగో ఎపిసోడు.
ఇరవై రెండు పేజీలు, తొమ్మిది సీన్లు, ఉండేది ఒక్క పగలు.
గుత్తికోట కింద బాడుగకు తీసుకున్న బండల మిద్దె.
డైరెక్టరంటే మైకులో అరిచే మనిషనుకొని
కొత్త నోటుపుస్తకం కొనుక్కొని పోయినాను.

మద్దిలేటి సారు నేలమీద బాసింపట్టు వేసుకొని ఉన్నాడు.
ముందర, నల్లటి కడపబండ మీద సుద్దముక్కతో ఇల్లు:
వాకిలి, పడసాల, వంటిల్లు, మిద్దెమెట్లు.
పక్కన పొట్లంలో ఉడకేసిన శెనక్కాయలు.
మూడు గింజల కాయ అత్త.
నడుము దగ్గర నొక్కు పడింది చిన్నకోడలు.
కెమెరా మాత్రం అగ్గిపెట్టె.

"మొదటిసారి చదివేటప్పుడు పెన్ను ముట్టగూడదు వన్నూరూ,
చూసేవాళ్ళ చేతిలో పెన్నుంటాదా?
రెండోసారి అడుగు, ఈయమ్మకు ఏం కావల్ల అని.
మూడోసారి, అది నోరు తెరిచి ఎందుకు అడగలేకపోతాంది అని."
నేను రాసుకుంటా ఉంటే పుస్తకం మూసేసి
ఒక కాయ చేతిలో పెట్టినాడు.

ఐదో సీన్లో తోడికోడలు ఊరికే నిలబడుంటాది.
ఆయన చాలాసేపు చూసి
ఆమెను ఒలిచి తినేసినాడు.
"మధ్యాన్నం రమ్మని చెప్పు ఆమెకు.
బత్తెం మాత్రం పూర్తి దినానికి రాయి."

రాత్రి పదకొండుకు ఇల్లంతా తిరిగినాం.
ఏ తలుపు కీచుమంటాదో తెరిచి, మూసి, మళ్ళా తెరిచి.
కుళాయి ఎన్ని గంటలకు వదుల్తారో వీధిలో కనుక్కొని.
గుంతకల్లు పక్కకు పోయే గూడ్సుబండి
ఆఖరి పెట్టె దాటేదాకా గడియారం చూసుకుంటా నిలబడి,
మామ డైలాగుల నడుమ
నాలుగు నిమిషాల మౌనం రాసుకున్నాడు.
రైలుతో పోట్లాడి ఎవరు గెలిచినారు?

ఇంటామె సుంకులమ్మకు నిద్దర లేదు.
"అవ్వా, ఈ ఇంటికి చెడ్డకబురు వచ్చిన దినం
నువ్వు యాడ కూసుంటివి?"
నేను నాలుక కరుచుకున్నాను.
ఆమె ఏడవలేదు, కోప్పడలేదు.
సోఫా చూపించలేదు, దేవుని పటాల కింద చూపించలేదు.
వంటింట్లో, గ్యాసుబండకూ గడపకూ నడుమ
జానెడు చోటు.
"పాలు పొంగుతాయేమో అని చూస్తా ఉన్న్యా.
కూసుండేది గ్యాపకం లేదు నాయనా.
లేసింది గ్యాపకముంది."

సారు వంగి
పడసాల నడిమధ్యలో ఉన్న చిన్నకోడల్ని తీసి
గ్యాసుబండ పక్కన పెట్టినాడు.
అగ్గిపెట్టెను వాకిట్లోనే ఉంచినాడు.
దగ్గరికి పోదామా సార్ అంటే
"పిలిస్తే పోదాం" అన్నాడు.

మరుసటి దినం హీరో రెండు గంటలు ఆలస్యం.
జనరేటరు ఒకసారి మొరాయించింది.
లైట్‌బాయ్ జిలానీకి తేలు కుట్టినంత పనయింది.
ఆయన అరవలేదు.
అరవాల్సిందంతా రాత్రే
బండమీద తుడిచేసినాడేమో.

మూడు వారాలకు, పామిడిలో, మా మేనత్త ఇంట్లో
ఏడున్నరకు టీవీ ముందర కూర్చున్నాం.
సబ్బు ప్రకటన అయింది, నగల ప్రకటన అయింది.
కోడలు ఫోను చెవికి పెట్టుకుంది.
కరెంటు పోయింది.

"ఏమయిందే ఆయమ్మికి?" అని చీకట్లో అత్త.

చాటలో శెనక్కాయలున్నాయి.
సెల్లు లైటు వేసి, ముగ్గుపిండితో ఇల్లు గీసినాను.
అగ్గిపెట్టె వాకిట్లో పెట్టినాను.
నొక్కు పడిన కాయ కోసం వెదికి, దొరక్క,
ఏదో ఒకటి గ్యాసుబండ పక్కన పెట్టినాను.
అత్త ముందుకు వంగి చూసింది.
"ఫోను కింద పెట్టేసిందా, చేతిలోనే ఉండాదా?"
నేను చెప్పేలోపల
ఒక్క వేలితో ఆ కాయను
గోడపక్కకు తిప్పింది.