మేడమీది వాటా

రిటైరైన డబ్బుల్తో మేడమీద రెండు గదులు లేపాను,
ఒంగోలు సమతానగర్లో, మూడో లైను.
గేటుకి టు-లెట్ అట్ట కట్టిన పూటే మొదలు:
అడ్వాన్సు ఎన్నెల్లది? మీటరు వేరేనా?
గోడకి మేకు కొట్టుకోవచ్చా?
కుళాయి రాని రోజు ట్యాంకరు డబ్బులెవరివి?

నాకేం తెలుసు!
ముప్పై ఒక్క ఏళ్లు దర్శి బస్సులో
మనుషుల్ని అడిగింది ఒక్కటే, ఎక్కడికని.
ఎందరుంటారు, ఏం వండుతారు,
ఎప్పుడు దిగిపోతారు,
అడిగే పని పడలా.

పక్కింటి సుబ్బాయమ్మ గోడమీంచి తొంగిచూసి
"ఏమిట్లో కనుక్కున్నావా?" అంది.
లేదన్నాను.
ఆ కిటికీ మళ్లీ తెరుచుకోలా.

వచ్చింది హజరత్తయ్య.
చీమకుర్తి రాయి పాలిషింగులో పని.
చెప్పులు కింద మెట్టు దగ్గరే వదిలాడు,
గోడలకన్నా ముందు పంపు తిప్పి చూశాడు.
నా కొత్త గచ్చు మీద
అతని అడుగులు తెల్లగా, పిండి తొక్కినట్టు.

ఒకటో తారీకు పోయింది. ఐదూ పోయింది.
ఎదురైతే "నీళ్లొస్తన్నాయా?" అంటాను, అంతే.
కాలు పెట్టే చోటు లేని బస్సులో
ఆఖరి సీటు దాకా దూరి వసూలు చేసినవాణ్ణి,
నా ఇంటి మెట్లు నేనెక్కలేకపోయా.

ఎనిమిదిన రాత్రి అతనే దిగొచ్చాడు.
నాలుగు వేలకి మూడొందల యాభై తక్కువ.
"శనివారం ఇస్తా, పెద్దాయనా."
రసీదివ్వాలా? ఏమో.
చెయ్యి దానంతటదే పెన్ను తీసింది.
ఇన్నేళ్లూ టికెట్టు వెనక
నేనివ్వాల్సిన చిల్లర రాసేవాణ్ణి.
ఇప్పుడు నాకు రావాల్సింది రాశాను,
అదే గీత, అదే సున్నా.

చదవకుండానే మడిచి జేబులో పెట్టుకున్నాడు.
కాసేపటికి పైన పంపు తిప్పిన చప్పుడు.
ఇవాళ కుళాయి రోజు కాదని
చెప్పడం మర్చిపోయాను.