పెన్సిల్ దెబ్బ

మిల్వాకీలో ఫిబ్రవరి. పాత తోళ్ళ గోదాములో
తాకట్టు కొట్టు సెట్టు వేశారు.
మైకు కర్రా రికార్డరూ రెండూ నా నెత్తినే.
నీడ పడకూడదు, నా ఊపిరి వినపడకూడదు.

నాటకాలు రాసి రాసి సినిమాకొచ్చినవాడు జెలెంకో.
చూడడు. మానిటరుకి వీపు తిప్పి
బల్ల మీద పెన్సిలుతో కొడుతుంటాడు.
"నటించకు ఓర్విల్. మాట చెప్పు. మాటే చాలు."

"గడియారం ఎంత."
"గడియారమా."
"ఎంతన్నాను."
"ఎంతంటే, ఏ గడియారం."

పదిహేడో టేకు.
మనుషులెక్కడైనా ఇలా మాట్లాడతారా అని
లైట్ల కుర్రాడు నా చెవిలో గొణిగాడు.
నేనూ నవ్వాను. ఇస్త్రీ మాటలు,
మడత నలగదు, చెమట అంటదు.

భోజనాల వేళ ఓర్విల్‌కి ఫోను.
కౌంటరు వెనకే నిలబడి ఎత్తాడు.
"ఎప్పుడు."
"ఎప్పుడన్నావు."
"కాదు, ఏ ఆస్పత్రి."
"సరే. తమ్ముడు. సరే.
ఎప్పుడన్నావు."

గొంతు పెరగలేదు.
సూపు గిన్నెతో వస్తున్న జెలెంకో
గుమ్మంలోనే ఆగిపోయాడు.
పెన్సిలు లేదు చేతిలో, వేళ్ళు మాత్రం
గిన్నె అంచు మీద ఒకటి, ఇంకొకటి,
కాసేపటికి అవీ ఆగాయి.

కర్ర గోడకి ఆనించి ఉంది.
ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది,
రికార్డరు ఆపడం మరిచాను.

ఆ రాత్రి చెరిపేశాను.
చెరిపేముందు రెండుసార్లు విన్నాను.
రెండోసారి
నాకు తెలీకుండానే
నా వేలు బల్లని కొట్టింది.