వీలైనంత దూరం

నిన్న కూడా ఓడిపోయింది వుర్యాని.
ఎనిమిది ఓట్లు తక్కువ.

జకార్తా సభలో లేచినవాళ్లంతా
కుదుస్ ఆడవాళ్ల కూలి గురించే మాట్లాడారు,
వాళ్ల వేళ్లని ఎన్నడూ చూడనివాళ్లు.

ఆమె చూసింది.
రోజుకి మూడు వేల సిగరెట్లు చుట్టొచ్చిన అమ్మ
అన్నం కలిపి పెడితే
ముద్దముద్దకీ లవంగం ఘాటు.
ఆ కూలితోనే లా చదివింది.
ఆ మాట ఎవరో సభలో ఎత్తిపొడిస్తే
కాదనలేదు, నీళ్లు తాగింది.

"బడికి ఐదు వందల మీటర్ల లోపు అమ్మరాదు"
అని రాసుకొస్తే
ఐదు వందలు వందయింది,
వంద కాస్తా "వీలైనంత దూరం" అయింది.
ఆ వీలైనంత కూడా వీలుపడలేదు.

రాత్రి అమ్మకి ఫోన్ చేసింది.
అటునుంచి దగ్గు.
దగ్గు తెరిపిచ్చాక,
"చెయ్యెత్తనివాళ్ల పేర్లు చెప్పు."
కళ్లజోడు వెతుక్కుంటున్న చప్పుడు.
"నెమ్మదిగా. రాసుకుంటున్నా."