ఒక్కటే రోడ్డు

డెస్మండ్ పటం మీద దారప్పోగు పరిచాడు.
వయాలా దగ్గర ఒక కొస, బొటనవేలి కింద.
రెండోది కింబా దాటి, సెడూనా దాటి,
పేర్లే తప్ప ఊళ్లు లేని పసుపుపచ్చ మీదుగా
టేబులు అంచుదాకా పాక్కుంటూ పోయి
చక్కెర డబ్బా దగ్గర ఆగింది.
పటం అక్కడికి అయిపోయింది.
ఎస్పరెన్స్ ఇంకో కాగితంలో ఉంది.

"రోజుకి ఆరొందలు. మూడు రాత్రులు."
ఉక్కు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు క్రేను నడిపినవాడు,
దేన్నయినా ముందు బరువు చూసి గాని నమ్మడు.
నీళ్లు నలభై లీటర్లు. స్పేరు టైర్లు రెండు.
రేడియేటరు గొట్టం, ఫ్యాను బెల్టు.
నేను టీ పొడి అంటే టీ పొడి రాసుకుని
పక్కన గ్రాములు వేశాడు.

పొద్దు వాలాక బండి కదలకూడదు.
కంగారూలు గడ్డి అంచుకి వచ్చి నిలబడే వేళ.
వాంబట్ అయితే మరీ, రోడ్డు మధ్య
ఎవరో దించి మరిచిపోయిన బండరాయి.
పక్కింటి యూనిస్ దాన్ని గుద్ది
రెండు రోజులు ఒక పెట్రోలు బంకులో పేకాడుతూ కూచుంది.
ఇరవై డాలర్లు గెలిచిందట కూడా.

నా దిగులల్లా ఒక్కదాని మీదే,
మలుపే లేని నూట నలభై ఆరు కిలోమీటర్లు.
స్టీరింగు మీద చేతులకి ఏం పని అక్కడ?
ఇద్దరం ఏం మాట్లాడుకుంటాం?
నలభై ఒక్కేళ్ల కాపురంలో
మేం ఎప్పుడూ మలుపుల దగ్గరే మాట్లాడుకున్నాం.

తేనె సంగతి నేనే ఎత్తాను.
పెరటి పెట్టెల్లోది, యూకలిప్టస్ పూలది.
మా తమ్ముడు మెర్విన్ వేలితో నాకేవాడు.
పదకొండేళ్లయింది మాటల్లేక.
నాన్న పడవ అమ్మినప్పుడు
వాడి నోట ఒకటి, నా నోట నాలుగు.

"దాటనివ్వరు" అన్నాడు డెస్మండ్ తలెత్తకుండా.
పండు, గింజ, తేనె, ఏదీ సరిహద్దు దాటకూడదు.
చెక్‌పోస్టులో దింపించి పారేస్తారు,
ఇవతలి జబ్బులు అవతలి ఈగలకి అంటకుండా.
నవ్వొచ్చింది నాకు.
మనుషుల్ని మాత్రం అద్దం దించి చూసి పంపేస్తారట.

"అయితే అక్కడిదాకా తినేద్దాం" అన్నాను.
పెన్సిలు కొన నాలిక మీద తడుపుకుని
సీసాని రోజులతో భాగించాడు.
బ్రెడ్డు, ఇంకో రెండు.

యూక్లా దగ్గర గడియారం
నలభై ఐదు నిమిషాలు వెనక్కి తిప్పాలి.
కైగూనా దాటాక మళ్లీ నలభై ఐదు.
ఆ మధ్య నడిచే టైము మాదీ కాదు, వాడిదీ కాదు.
సరిగ్గా సగంలో, ఎవరి పక్షమూ తీసుకోకుండా
రాళ్ల మీద, ఉప్పు పొదల మీద నడుస్తుంటుంది.
అక్కడ ఒక రాత్రి ఎక్కువ ఉందామన్నాను.
డెస్మండ్ ఎందుకని అడగలేదు. నాలుగు రాత్రులు అని దిద్దాడు.

రాత్రి ఫోను చేశాను.
చాలాసేపు మోగింది.
వస్తున్నామని చెప్పాక
అవతల కుక్క మొరిగింది, తలుపు చప్పుడైంది,
అప్పుడడిగాడు మెర్విన్:
"ఏ రోడ్డున?"

ఉన్నదే ఒక్క రోడ్డు. వాడికీ తెలుసు.
అయినా కళ్లజోడు పెట్టుకుని
దారం వెంట వేలు నడుపుతూ
పేర్లన్నీ వరసగా చదివాను.
బల్లడోనియా దగ్గర
"ఊఁ" అన్నాడు.