వెంట్రుకవాసి

కాస్తెల్‌ఫిదార్దోలో మా వీధికి
సముద్రం కనపడదు, ఉప్పు మాత్రం వస్తుంది.
ఉప్పు ఉక్కు రేకుల్ని తింటుంది,
ఆ తిండి మీదే నా తిండి.

నలభై ఏళ్లుగా అకార్డియన్లు శ్రుతి చేస్తున్నాను.
రేకు కొసన ఆకురాయి ఆడిస్తే స్వరం లేస్తుంది,
మొదట్లో గీస్తే దిగుతుంది.
గీసిన ఉక్కు తిరిగి అతకదు.
అందుకే మా నాన్న మొదటి ఏడాది
నా చేతికి ఆకురాయి ఇవ్వలేదు, చీపురిచ్చాడు.

ఒక్కో మీటకి రెండు రేకులు.
రెండూ ఒకే ఎత్తున పలికితే
గొంతు ఎండిపోయినట్టుంటుంది.
ఒకదాన్ని వెంట్రుకవాసి పైకి జరపాలి,
అప్పుడు రెంటి మధ్యా అల లేస్తుంది.
సెకనుకి మూడు అలలు పెళ్లి నాట్యాలకి,
నాలుగైతే సంతకి,
ఆరు దాటిందా, తాగినవాడి కన్నీళ్లు.

ఇంత తెలిసినవాణ్ణి
ఇంటికొచ్చి చెయ్యి కడుక్కుంటూ
"నోరీనా, ఆ 'లా' కిందకి పడింది" అన్నాను.
పెళ్లయిన రెండో నెల.
గిన్నెలు తోముతూ ఏదో కూనిరాగం తీస్తోంది.
నవ్వింది. మళ్లీ అందుకుంది. మళ్లీ పడింది.
మళ్లీ అన్నాను.
ఎన్నిసార్లన్నానో గుర్తులేదు,
ఎప్పుడు మానేసిందో అసలే గుర్తులేదు.
నా చెవి అంత గొప్పది,
ఒక పాట ఆగిపోవడం దానికి వినపడలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో
ఏ మాటా శ్రుతిమించి రాగాన పడలేదు.
తలుపు బందులకి నూనె, గడియారానికి కీ,
ఆదివారం ఆమెకి చర్చి, నాకు నిద్ర.

మొన్న ఆంకోనా నుంచి ఒక కుర్రాడొచ్చాడు
తాత వాయిద్యం వీపున మోసుకుని.
"అలలు వద్దు, సూటిగా కావాలి, రికార్డింగుకి" అన్నాడు.
డబ్బిచ్చేవాడు చెప్పిందే శ్రుతి.
రెండ్రోజులు కొసలు గీకి, మైనం కాచి పోసి,
మూడో రోజు తిత్తి లాగి చూశాను.
తప్పొక్కటీ లేదు.
మా ఇంట్లో రాత్రి భోజనంలా ఉంది.

ఆ సాయంత్రం దుకాణం తొందరగా మూశాను.
మెట్ల మీద సగంలో ఆగిపోయాను.
లోపల ఫ్రిజ్ మోగుతోంది.
దాని స్వరం ఇరవై ఏళ్లుగా తెలుసు,
'సోల్'కి కాస్త పైన, ఎవరికీ చెందని చోట.
దాని పక్కనే, కొద్దిగా కింద, నోరీనా.

మానలేదన్నమాట.
నేను లేని వేళలకి మార్చుకుందన్నమాట.

రెంటి మధ్యా గాలి వణుకుతోంది.
అలవాటు కొద్దీ లెక్కపెట్టాను:
మూడు. ఒక్కోసారి మూడున్నర.
ఆ అరని ఏ ఆకురాయికీ ఇవ్వను.

బూట్లు విప్పి చేత్తో పట్టుకున్నాను.
ఎనిమిదో మెట్టు కిర్రుమంటుంది,
ఏడో మెట్టు మీదే కూర్చున్నాను.
లోపల నీళ్లు పొంగి పొయ్యి మీద పడ్డాయి,
"అయ్యో" అంది, అదే 'లా' మీద,
ఇంకా కిందే ఉన్న 'లా' మీద.

కింది వాటా జెల్మీరా తలుపు తీసి
"ఏం, తాళం పోయిందా?" అంది.
పెదాల మీద వేలు పెట్టి
ఆమెని కూడా కూర్చోమన్నాను.